గవరయ్య కాగు, నూకాలు బాట

రాజులింకా గుర్రాలెక్కి తిరుగుతున్న కాలం. జంతువులు మనుషులతో మాట్లాడ్డం అప్పుడప్పుడే మానేస్తున్న కాలం. అలాంటి కాలంలో, అనగనగా తునికిపాడు అని ఒక ఊరు.

ఆ ఊరి పక్కనే ఒక అడవి. పెద్దదేం కాదు. పొద్దున్న చద్దన్నం తిని బయల్దేరితే మధ్యాహ్నం అన్నం వేళకి ఆ చివరికి పోవచ్చు. అందులో వేట లేదు, కట్టెలు కొట్టడం లేదు. చల్లగాలికి తిరగడానికి, పిల్లలు ఆడుకోవడానికి, కార్తీకంలో వనభోజనాలకి. అంతే.

వెనకటి రాజుగారొకాయన ఆ దారిన పోతూ ఒక నేరేడుచెట్టు కింద కమ్మగా కునుకు తీశాడట. లేచి కళ్ళు నులుముకుని అన్నాడట, "ఈ నీడ నా ఒక్కడికెందుకు? ఈ అడవి ఊరందరిదీ. కానీ అందరిదీ అంటే ఎవడూ చూడడు. కాబట్టి చూసుకునే పని పంచుకోండి."

పంచుకున్నారు. ఊళ్ళో ఏడు వీధులు, అడవిలో ఏడు బాటలు. ఒక్కో వీధికి ఒక్కో బాట. ఎవరి బాటలో వాళ్ళు ఊడవాలి, ముళ్ళు తియ్యాలి, మొక్కలు పెంచాలి. నడవడం మాత్రం ఎవరిష్టం వాళ్ళది. ఎవరైనా ఏ బాటలోనైనా నడవచ్చు.

నడిచేవాళ్ళకి ఒక్కటే కట్టుబాటు. పోయేటప్పుడు చెంబెడు నీళ్ళు, వచ్చేటప్పుడు పిడికెడు చెత్త. నీళ్ళు మొక్కకి, చెత్త గోతిలోకి. ఊళ్ళో పసిపిల్లలు కూడా నడక నేర్చుకునేటప్పుడే చిన్న చెంబు పట్టుకోవడం నేర్చుకునేవాళ్ళు.

ఇంకో ఏర్పాటు కూడా ఉంది. బాటకీ బాటకీ నడుమ ఆరు మూరల వెడల్పున నేల చెక్కి, ఎండుటాకు కూడా లేకుండా ఉంచుతారు. దాన్ని అగ్గిగీత అంటారు. ఎండాకాలంలో ఒక బాటలో నిప్పు పుడితే, అది గీత దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క అక్కడే చస్తుంది.

ఇక మర్యాద సంగతి. కార్తీకపున్నానికి ముందురోజు ఊరిపెద్ద సోమినాయుడు ఏడు బాటలూ కొలుస్తాడు. ఎన్ని కాళ్ళు నడిస్తే గడ్డి అంత అణుగుతుంది, బాట అంత వెడల్పవుతుంది. ఏ బాట ఎక్కువ వెడల్పుంటే ఆ వీధికి మొదటి పొయ్యి. మర్నాడు ఉసిరిచెట్ల కింద ఆ పొయ్యి వెలిగించాకే, అందులో నిప్పు తీసుకుని మిగతా వీధులవాళ్ళు తమ పొయ్యిలు వెలిగించుకోవాలి.

అంతే మర్యాద. విస్తట్లో ఒక గారె ఎక్కువేం పడదు. కానీ మర్యాద అనేది గారెకంటే రుచి కదా.

కుమ్మరివీధి బాట చూసేది గవరయ్య. యాభై ఏళ్ళ మనిషి. కుండ చేస్తే వంక పెట్టడానికి లేదు, బాట ఊడిస్తే ఆకు కనపడదు. తొమ్మిదేళ్ళ పాటు మొదటి పొయ్యి కుమ్మరివీధిదే. ఆ నిప్పు వెలిగించేది గవరయ్యే.

ఆయన బాట మొదట్లో, ఒక పెద్ద బండ పక్కన, తను చేసిన కాగు పెట్టాడు. నిలబడి చెయ్యి పెడితే అడుగు అందదు, అంత పెద్దది. నడవడానికొచ్చినవాళ్ళు మొక్కల్లో అడ్డదిడ్డంగా నీళ్ళు పోసి వేర్లు కదిలిస్తున్నారని, అందరి చెంబులూ ఆ కాగులో పోయించేవాడు. తర్వాత తనే ముంతతో మొక్కమొక్కకీ కొలిచి పోసుకునేవాడు. మొక్కలు బారులు తీరి ఉండేవి. ఎవరన్నా గట్టిగా అడుగేస్తే, "చూసి నడువు నాయనా," అనేవాడు. తప్పేముంది? బాట బాగుండాలనే కదా.

పక్కది సాలెవీధి బాట. దాన్ని చూసే ముసలాయనకి మోకాళ్ళు పట్టేసి ఇక నావల్ల కాదన్నాడు. వీధిలో చీటీలు వేస్తే నూకాలు పేరొచ్చింది. మగ్గం నేసుకునే మనిషి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పెద్దగా మాట్లాడదు, నవ్వితే మాత్రం నాలుగిళ్ళ అవతలికి వినపడుతుంది.

గవరయ్య లోపల నవ్వుకున్నాడు. నూలు పోగు చూసే కంటికి ముల్లు కనపడుతుందా అనుకున్నాడు.

రెండేళ్ళు తిరిగాయి. కార్తీకం వచ్చింది. సోమినాయుడు కర్ర పట్టుకుని బయల్దేరాడు. కుమ్మరివీధి బాట నాలుగు జానలు. సాలెవీధి బాట అయిదు జానలు.

"కర్ర సరిగ్గా పెట్టావా పెద్దాయనా?" అన్నాడు గవరయ్య.

"కర్రకి పక్షపాతం ఉండదు గవరయ్యా," అన్నాడు సోమినాయుడు.

మర్నాడు నూకాలు మొదటి పొయ్యి వెలిగించింది. గవరయ్య పెంకులో నిప్పు పెట్టించుకోవడానికి ఆమె దగ్గరికి పోవాల్సి వచ్చింది. తొమ్మిదేళ్ళు ఇచ్చిన చెయ్యి, ఇప్పుడు చాచింది.

"రా బాబాయ్, పెద్ద కణిక తీసుకో," అంది నూకాలు మంచిగానే.

ఆ మంచితనమే గవరయ్యకి గుచ్చుకుంది. పెంకులో నిప్పు కంటే గుండెలో నిప్పు ఎక్కువ కాలింది. ఆ పూట పులిహోర నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉంది. మట్టి రుచి కుమ్మరికి తెలియనిది కాదు.

ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు సాలెవీధి బాటలోకి పోయి చూశాడు. బాట వంకరటింకర. మొక్కలు ఒక చోట గుంపుగా, ఒక చోట ఒంటరిగా. కొన్ని వాలిపోయి ఉన్నాయి. ప్రతి మొక్క పక్కనా ఒక పుల్ల, పుల్లకి ఒక గుడ్డపేలిక. ఎర్రది, పచ్చది, గళ్ళది. చూడ్డానికి సంతలో చిరుగుల దుకాణంలా ఉంది.

"ఏముందిక్కడ?" అనుకున్నాడు గవరయ్య. "నా బాట అద్దం. ఇది చెత్త. జనానికి కళ్ళున్నాయా?"

తిరిగొస్తుంటే, కాగు పక్కనున్న బండ మీంచి ఒక ముసలి ఉడుము పలకరించింది. అది ఎప్పటినుంచో అక్కడే ఉంటోంది.

"అంత ఆలోచన దేనికి? జనం ఎందుకొస్తున్నారో ఆ పిల్లనే అడుగు," అంది ఉడుము.

"నేనా? పోయి ఆ పిల్లనా?"

"నోరు నీదే కదా."

గవరయ్య విసురుగా ముందుకు నడిచాడు. అడగడమంటే ఓడిపోవడం అనుకున్నాడు. అసూయ ఉన్నవాడికి అన్నిటికంటే బరువైన పని అడగడమే.

అడగలేదు కాబట్టి ఆలోచించాడు. ఆలోచిస్తే ఒక ఉపాయం తోచింది. బాట వెడల్పు కావాలంటే కాళ్ళు పడాలి. జనం కాళ్ళు రాకపోతే పోనీ, నా కాళ్ళు లేవా?

మర్నాడు మొదలుపెట్టాడు. తెల్లారుతూనే ఈ చివరినుంచి ఆ చివరికి, ఆ చివరినుంచి ఈ చివరికి. బాట ఈ అంచు మీద ఒకసారి, ఆ అంచు మీద ఒకసారి. ఎండ ముదిరాక వచ్చి కుండలు చేసేవాడు, పొద్దువాలాక మళ్ళీ పోయేవాడు. వానైనా, చలైనా మానలేదు. నెల తిరిగేసరికి మొలతాడు జారిపోతోంది.

ఆయన భార్య మంగతాయి గుమ్మంలో నిలబడి చూసేది. "సారె మీద కుండ కూడా నీ అన్ని చుట్లు తిరగదయ్యా," అనేది. ఇంకోరోజు, ఇంట్లోకి బిందెడు నీళ్ళు తెమ్మంటే కాళ్ళ నొప్పులంటావు, అడవిలో ఏ దేవుడికి మొక్కుకున్నావని అడిగింది. గవరయ్య వినపడనట్టు పోయేవాడు.

ఏడాది గడిచింది. మళ్ళీ కార్తీకం, మళ్ళీ కర్ర. కుమ్మరివీధి బాట ఈసారి అయిదున్నర జానలు. గవరయ్య గుండె నిండింది. సోమినాయుడు మాత్రం కర్ర పక్కన పెట్టి, గొంతుక్కూర్చుని, నేల కేసి చాలాసేపు చూశాడు.

మట్టి తొక్కి తొక్కి గవరయ్యకి కుడికాలు బరువు. అది నేలలో లోతుగా దిగుతుంది, ఎడంకాలు పైపైన పడుతుంది. బాట పొడుగునా ఒక లోతు అడుగు, ఒక తేలిక అడుగు. ఒక లోతు, ఒక తేలిక.

"వెడల్పు బాగానే ఉంది," అన్నాడు సోమినాయుడు లేస్తూ. "కానీ ఈ బాటలో ఏడాదంతా ఒక్కడే నడిచాడు. వాడు కుమ్మరివాడు."

వెనకున్న జనం నవ్వారు. ఎవరో అన్నారు, "మామా, మట్టి ఇంట్లో తొక్కడం చాలక అడవినీ తొక్కుతున్నావా? అడవంత కుండ చేస్తావా ఏంటి?" మళ్ళీ నవ్వారు. నూకాలు నవ్వలేదు. అది ఇంకా మంట.

సాలెవీధి బాట ఆరు జానలు తేలింది. గవరయ్య మళ్ళీ పెంకు పట్టుకుని నిప్పు కోసం వరసలో నిలబడ్డాడు.

"ఇప్పుడైనా అడుగు," అంది బండ మీది ఉడుము.

"నువ్వు నీ పని చూసుకో."

"ఉడుము పట్టు పడితే వదలదంటారు. నువ్వు నన్ను మించావు. నేను పైకెక్కడానికి పట్టుకుంటాను. నువ్వు దేనికి పట్టుకున్నావు?"

గవరయ్య మొహం తిప్పుకుని పోయాడు.

మాఘమాసంలో రెండో ఉపాయం తోచింది. నా బాటకి జనం రాకపోతే మానె, ఆ బాటకి పోకుండా చేస్తే చాలు కదా. ఒకరోజు పొద్దున్న బావి దగ్గర, ఎవరికో చెప్పినట్టు కాకుండా, నీళ్ళకి చెప్పినట్టు అన్నాడు. సాలెవీధి బాటలో పులి అడుగుల్లాంటివి చూశానని, నాకెందుకులే అని వచ్చేశానని.

బావి దగ్గర చెప్పిన మాటకి కాళ్ళెక్కువ. మధ్యాహ్నానికి అది పులి అయింది. సాయంత్రానికి పులి, రెండు పిల్లలు. మర్నాటికి తెల్లపులి అయింది, దాని మెడలో ఏ రాజుగారిదో బంగారు గొలుసు కూడా ఉంది.

ఇక చూడాలి జనం. తునికిపాడే కాదు, పక్క రెండూళ్ళవాళ్ళు కూడా వచ్చారు. ఒక్కరు పోతే కదా భయం, యాభైమంది పోతే ఏం భయం అనుకున్నారు. డప్పులు, కర్రలు, చద్దిమూటలు. పళ్ళూడిన ముసలమ్మలు కూడా, ఇన్నేళ్ళొచ్చాయి, పులిని చూడకుండా పోతామా అని బయల్దేరారు. అడవి మొదట్లో వేరుశనక్కాయలమ్మేవాడు వెలిశాడు.

అంతటితో అయిందా? లేదు. జనం తిన్నగా గవరయ్య ఇంటికొచ్చారు. చూసింది నువ్వే కదా, రా, చూపించు అన్నారు. కాదంటే అబద్ధమని తేలిపోతుంది. గవరయ్య ముందు నడిచాడు. వెనక నలభైమంది. సాలెవీధి బాట ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి, ఒక చోట వంగి, ఒక కుక్క అడుగు చూపించి, "ఇదే," అన్నాడు.

"పులికి ఇంత చిన్న కాలా?" అంది ఒక ముసలమ్మ.

"పిల్లది అయ్యుంటుందిలే అవ్వా."

కుక్క కూడా వెనకాలే వచ్చింది. అందరూ దాన్నీ చూశారు, అడుగునూ చూశారు. నూకాలు ఒక్కతే ఆ కుక్కని పిలిచి, "పద పులీ, ఇంటికి," అంది. ఆరోజునుంచి ఆ కుక్క పేరు పులి.

ఇంటికొచ్చాక గవరయ్యకి తెలిసింది. నలభైమందిని తనే తీసుకుపోయి, తన బరువు కాలుతో సహా, ఆమె బాటని ఇంకో బెత్తెడు వెడల్పు చేసొచ్చాడు.

ఆ తర్వాత గవరయ్య ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. కుండ చేస్తుంటే అంచు వణికేది. మనిషి పైకి మామూలుగానే ఉండేవాడు. ఆవంలో నిప్పు పైకి కనపడుతుందా? లోపల కుండ కాలుతూనే ఉంటుంది.

ఉగాది వెళ్ళింది. ఉగాదినాడు సోమినాయుడు ఏడు గీతలూ నడిచి చూసి, శుభ్రంగా ఉన్నాయని చెప్పాడు. ఇక వానలొచ్చేదాకా ఎవరూ చూడరు. అడవిలో ఆకు ఇంకా రాలుతూనే ఉంది. తునికాకు, మద్దాకు, గలగలలాడుతూ.

గవరయ్య తన బాట ఊడ్చాడు. ఊడ్చిన ఆకు గోతిలో వెయ్యాలి. గంప ఎత్తుకున్నాడు. గోతి వైపు రెండడుగులు వేశాడు. ఆగాడు.

సాలెవీధి బాటకీ తన బాటకీ నడుమ గీత ఒక చోట ఉడుముండే బండ చాటుకి వంపు తిరుగుతుంది. బాటలో పోయేవాళ్ళకి అది కనపడదు. గవరయ్య ఆ వంపులో గంప బోర్లించాడు. ఇంకో గంప. ఇంకో గంప. మూడు రోజులు అదే పని. గీత నిండి, ఆకు నూకాలు వైపుకి పొర్లింది. ఎప్పుడో ఎవరో ఒకరు బండ వెనక్కి పోకపోరు. చూసినవాళ్ళు ఏమనుకుంటారు? సాలెవీధి దానికి ఊడవడం కూడా చేతకాదు, గీత మీదికి చెత్త తోసింది అనుకుంటారు. నాలుగు మాటలంటారు. ఆ నాలుగు మాటలు వింటే చాలు తనకి. తర్వాత తనే తీసేస్తాడు.

ఉడుము బండ మీంచి దిగొచ్చింది. ఈసారి దాని గొంతులో వెటకారం లేదు.

"గవరయ్యా, నిప్పొస్తే నాకు పరుగు రాదు. ఆ గీత వెనక నేనున్నాను. నువ్వూ ఉన్నావు."

"వారం రోజులు. అంతే."

వారం గడిచింది. ఎవరూ చూడలేదు, ఎవరూ నూకాలుని ఏమీ అనలేదు. ఇంకో వారం చూద్దామనుకున్నాడు. ఆ వారమూ గడిచింది. ఆకు మాత్రం ఎండి ఎండి, అప్పడంలా అయింది.

వైశాఖంలో ఒక మిట్టమధ్యాహ్నం. అడవికి తూర్పున, సాలెవీధి బాట పక్కనున్న కొండమీద వెదుర్లు ఒకదానికొకటి రాసుకుని నిప్పు పుట్టింది. గాలి పడమటికి లాగుతోంది. నిప్పు తిన్నగా సాలెవీధి బాటలోకి దిగింది.

ఊరంతా పరిగెత్తింది. పారలు, చెంబులు, పచ్చి రొట్ట. నూకాలు తన బాటలోనే ముందు నిలబడి రొట్టతో కొడుతోంది. పేలికలు కట్టిన పుల్లలు ఒక్కొక్కటీ అంటుకుంటున్నాయి. ఎర్రది, పచ్చది, గళ్ళది.

గవరయ్య దూరంనుంచి చూశాడు. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆయన లోపల ఏదో చల్లగా తగిలింది. పోయింది ఆ బాట, అనుకున్నాడు.

అంతలో సోమినాయుడు అరిచి అందరినీ వెనక్కి పిలిచాడు. "నూకాలూ, ఇక ఆగదు, వచ్చెయ్. అందరూ గీత దాటి కుమ్మరివీధి బాటలోకి వచ్చెయ్యండి. నిప్పు గీత దగ్గర చస్తుంది. పైన వాగు దగ్గర గీత ఆగిపోతుంది, మనం అక్కడ కాపలా కాద్దాం. ఇక్కడ గీత ఉంది, భయం లేదు."

జనం గీత దాటి ఇవతలికొచ్చారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంకలో పిల్లలు. గీత ఉందని నమ్మి, గవరయ్య బాటలో బారులు తీరిన మొక్కల మధ్య నిలబడ్డారు. మగవాళ్ళు పారలు భుజాన వేసుకుని వాగు వైపు కదిలారు.

గీత లేదని తెలిసిన మనిషి ఆ గుంపులో ఒక్కడే.

గవరయ్య బండ వైపు చూశాడు. చెప్తే? తొమ్మిదేళ్ళు నిప్పు పంచిన మనిషి, గీత పూడ్చిన మనిషి అవుతాడు. మంగతాయి వీధిలో తలెత్తుకోలేదు. చెప్పకపోతే? గాలి తెచ్చిన ఆకనుకుంటారు. ఎవరికీ తెలీదు. కానీ నిప్పు ఈ జనం వెనక్కి వస్తుంది. తన బాట, తర్వాతది, తర్వాతది, ఏడూ పోతాయి.

ఉడుము బండ మీదుంది. ఊరికే చూసింది.

"ఆగండి," అన్నాడు గవరయ్య.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాడు. "వాగు దగ్గరికి పోకండి. ఇక్కడ గీత లేదు. బండ వెనక వంపులో మోకాలెత్తు ఆకుంది. నేనే పోశాను."

సోమినాయుడు తిరిగి చూశాడు. "నువ్వా? ఎందుకు?"

"నూకాలు మీద కుళ్ళుతో."

నిప్పు చప్పుడు ఒక్కటే వినపడుతోంది. అప్పుడు నూకాలు, మొహమంతా మసి, కళ్ళ నిండా నీళ్ళు, ముందుకొచ్చింది. గవరయ్యని తిడుతుందనుకున్నారు.

"పార ఇటివ్వండి," అంది. "తర్వాత ఏడుద్దాం."

అందరూ వంపులోకి దిగారు. పారలతో, చేతులతో, చీరకొంగులతో ఆకుని నిప్పుకి దూరంగా లాగేశారు. గవరయ్య అందరికంటే ముందున్నాడు. చేతులు బొబ్బలెక్కాయి. తీసినా ఇంకా అడుగున నుసి ఉంది, ఒక్క రవ్వ పడితే చాలు. నీళ్ళెక్కడివి? వాగు దూరం.

"కాగు," అన్నాడు గవరయ్య. "నా కాగు నిండా ఉన్నాయి."

ఊరంతా బాట మొదట్లోనే పోసి పోయిన చెంబుల నీళ్ళు. పిల్లా పెద్దా అందరూ కాగులో చెంబులు ముంచి, పరిగెత్తి, గీత మీద పోశారు. ఒక్కొక్కరు పదిసార్లు. కాగు పెట్టాక కుమ్మరివీధి బాటలో జనం తమ చేత్తో తాము నీళ్ళు పొయ్యడం అదే మొదలు.

నిప్పు గీత దాకా వచ్చింది. తడి నేలని నాకింది. ఉస్సురుమంది. చచ్చింది.

సాలెవీధి బాట సగం బూడిద. మిగతా ఆరు బాటలూ పచ్చగా ఉన్నాయి.

మర్నాడు ఊరు కూడింది. గవరయ్య తల వంచుకుని నిలబడ్డాడు. కొందరు బాట లాక్కోవాలన్నారు, కొందరు అడవిలోకే రానివ్వకూడదన్నారు. సోమినాయుడు, నష్టపోయింది నూకాలు కాబట్టి ఆమెనే చెప్పమన్నాడు.

నూకాలు లేచి నిలబడింది.

"నాకు కోపం పోలేదు," అంది. "పోయిందని అబద్ధం చెప్పను. కానీ బాబాయ్ నిన్న నోరు మూసుకునుంటే ఎవరికీ తెలిసేది కాదు. అడవి పోయేది, ఆయన పరువు ఉండేది. పరువు వదులుకుని అడవిని ఉంచాడు. అందుకని బాట ఆయనకే ఉంచండి. కాలిన నా బాటలో మొక్కలు మాత్రం ఆయన చేత్తోనే మళ్ళీ నాటాలి."

వానలొచ్చాయి. గవరయ్య రోజూ సాలెవీధి బాటకి పోయి గోతులు తవ్వాడు. మొదటి పదిరోజులు నూకాలు ఒక్క మాట మాట్లాడలేదు. చద్దన్నం తెచ్చి దూరంగా పెట్టి పోయేది. పదకొండో రోజు గవరయ్య పార పక్కన పెట్టాడు. రెండేళ్ళుగా మోస్తున్న మాట దించేశాడు.

"అమ్మాయ్, ఒకటడుగుతాను. నా బాట అద్దంలా ఉంచేవాణ్ణి. నీది ఇలా వంకరగా ఉండేది. అయినా జనం నీ బాటకే వచ్చేవాళ్ళు. నువ్వేం చేసేదానివి?"

నూకాలు అప్పటికి నవ్వింది. నాలుగిళ్ళ అవతలికి వినపడే నవ్వు.

"నేనేం చేసేదాన్ని కాదు బాబాయ్. వాళ్ళే చేసుకునేవాళ్ళు. వచ్చినవాళ్ళకి ఒక మొక్క చూపించి, ఇది నీది, నువ్వే నీళ్ళు పొయ్యి అనేదాన్ని. గుర్తుకి మగ్గం దగ్గర మిగిలిన పేలిక కట్టేదాన్ని. ఇవాళ నీళ్ళు పోసినవాడు రేపు చిగురేసిందా అని చూడ్డానికొస్తాడు. చిగురేస్తే పెళ్ళాన్ని తెచ్చి చూపిస్తాడు. వాలిపోతే దిగులుగా ఇంకో చెంబు తెస్తాడు. నీ బాటలో మా నీళ్ళన్నీ కాగులోకి పోయేవి. మా మొక్క ఏదో మాకు తెలీదు. మళ్ళీ వచ్చి చూడ్డానికేముంది, నీ కాగు తప్ప?"

గవరయ్య పార తీసుకుని ఆ గొయ్యి పూర్తి చేశాడు. ఆ సాయంత్రం తన బాట మొదటికి పోయి, మిగిలిన నీళ్ళు వంపేసి, ఆ కాగుని బోర్లించాడు. ముసలి ఉడుము దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, పక్కన చిన్న కన్నం తవ్వుకుని లోపలికి పోయింది. బండ కంటే చల్లగా ఉందంది.

"మొదటే అడిగుంటే..." అని మొదలుపెట్టింది లోపల్నుంచి.

"తెలుసులే," అన్నాడు గవరయ్య.

కార్తీకం వచ్చింది. కాలిన బాట ఏమైందో చూడ్డానికి, తమ మొక్క మళ్ళీ లేచిందా చూడ్డానికి, ఊరంతా వానాకాలం పొడుగునా తిరిగింది. సాలెవీధి బాట ఏడు జానలు. కుమ్మరివీధి బాట, ఒక్కడి తొక్కుడు ఆగి అంచుల్లో గడ్డి మళ్ళీ మొలిచాక, నాలుగు జానల బెత్తెడు. సోమినాయుడు అక్కడ గొంతుక్కూర్చుని నేలకేసి చూశాడు. చిన్న కాళ్ళు, పెద్ద కాళ్ళు, కర్ర పోటేసిన ముసలి కాళ్ళు. మొక్కల బారులు కొంచెం వంకరయ్యాయి. పుల్లలకి చిల్లపెంకులు వేలాడుతున్నాయి.

"ఇప్పుడిది బాట," అన్నాడు.

మర్నాడు ఉసిరిచెట్ల కింద నూకాలు మొదటి పొయ్యి పేర్చింది. గవరయ్య పెంకు పట్టుకుని వచ్చాడు.

"పెంకు సరే బాబాయ్, కుండేది?" అంది నూకాలు. "మొదటి పొయ్యి మీద పెట్టడానికి మంచి కుండ తెమ్మని పిన్నితో చెప్పి పంపాను కదా."

మంగతాయి వెనకనుంచి కొత్త కుండ తెచ్చి పెట్టింది. ఈయన మూడుసార్లు చేసి రెండుసార్లు చెరిపాడని అందరికీ చెప్పింది. నూకాలు నిప్పు ముట్టించింది. గవరయ్య చేసిన కుండలో పరమాన్నం పొంగింది. ఆ పూట ఆయనకి తీపి తీపిగానే తెలిసింది.

ఇంటికి పోతూ బోర్లించిన కాగు దగ్గర ఆగాడు.

"ఇంకా ఉందా, ఆ మంట?" అడిగింది ఉడుము.

గవరయ్య కాగు మీద చెయ్యి వేశాడు. "ఉంది," అన్నాడు. "కొంచెం. పైకి చెప్పుకునేంత."

కథ ఆ బాటలోనే ఉండిపోయింది. మనం ఇంటికి తెచ్చుకోవాల్సింది ఒక్క మాటే. పదిమంది చెయ్యి పడిందే పదిమందిదీ అవుతుంది. పక్కవాడి మీద కుళ్ళుతో పూడ్చిన గీత ముందుగా మన వెనకే తగలబడుతుంది.